గడపల పక్కన లాటిన్ బండలు

జోజీ,

నేనురా, పెద్దక్కను. బాగానే ఉన్నాను. ఈ పత్తి ఏరే రోజులకు నువ్వు పోయి ఏడేండ్లు.

ఇన్నాళ్లూ నీతో మాట్లాడటానికి జపమాల చాలనుకున్నాను. పూసలు తిప్పుతూ మరియతల్లికి చెప్పుకుంటే ఆ తల్లే నీ చెవిన వేస్తుందిలే అని... కానీ మొన్న ఎండాకాలంలో ఊర్లో ఒకటి జరిగింది. అది ఇంకొకరి చేత కబురు పంపేది కాదు. అందుకే ఇవాళ సమాధుల పండుగకు నీ దగ్గర కొవ్వొత్తి ముట్టించి వచ్చి, ఇంత తిని, గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను.

నీకు తెలిసినవి కూడా రాస్తాను. ఆ సాయంత్రం నువ్వు చూసింది వేరు, నేను చూసింది వేరు కదా.

ముందు ఒక మాట. నువ్వు పోయినప్పటి నుంచి మన ఇంటికి మంత్రగాని ఇల్లు అని పేరు పడింది. కొత్త పోస్టుమ్యాన్ దారి అడిగినా అట్లాగే చూపిస్తారు. "గా మంత్రగాని ఇల్లు దాటినంక ఎడమ సందు" అని. నేను వాకిలి ఊడుస్తుంటే నా ముందే అంటారు.

నిన్ను చంపారు. దానికి లెక్క అడిగేవాడు పైన ఉన్నాడు. కానీ చంపి ఊరుకోలేదు, ఆ పేరు నీ మీద వేసిపోయారు. అది తీయించడమే నాకు మిగిలిన పని అనుకున్నాను. ఈ ఊరు తన నోటితో నిన్ను సారు అనాలి. ఏడేండ్లుగా నా జపంలో నేను అడిగింది అదొక్కటే.

నీకు గుర్తుందా, ఇదంతా మన వంటింట్లో మొదలైంది?

బ్యాంకు పరీక్షలో ఇంగ్లీషు నిన్ను రెండోసారి పడగొట్టింది. అలిగి ముద్ద ముట్టలేదు. తర్వాత హైదరాబాదు పోయి, కోఠి ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన లావు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చావు. "అక్కా, ఇంగ్లీషుల పెద్ద పెద్ద మాటలన్నిటి కింద లాటిన్ వేర్లున్నయ్. మాట మాట పీకుతె యాష్టొస్తది. వేరు పట్టి గుంజితె పది మాటలు మట్టితోని సహా వస్తయ్" అన్నావు. నాకేం అర్థమైంది? నువ్వు అన్నం తింటున్నావు, అది చాలనుకున్నాను.

నేను మిరపకాయలు దంచుతూ అలవాటుగా జపం చెప్తున్నాను. నా చిన్నప్పుడు తెల్ల ఫాదరు పూజంతా లాటిన్‌లోనే చేసేవాడు. అర్థం తెలియకుండానే మా పిల్లలందరికీ నోటికి పట్టించాడు. తెలుగు పూజ వచ్చి ఎన్నేండ్లయినా చేతిలో పని ఉన్నప్పుడు నా నోట్లో ఆ పాతదే ఆడుతుంది. "నుంక్ ఎత్ ఇన్ ఓరా మోర్తిస్ నోస్త్రే" అన్నానో లేదో, నువ్వు కంచం ముందు నుంచి లేచావు.

"ఆగు ఆగు. మోర్తిస్ అన్నవా? అక్కా, మోర్ట్ అంటె సావు! ఇమ్మోర్టల్, మార్చురీ, పోస్టుమార్టం, అన్నిటికీ గదే వేరు. 'మా సావు గడియల' అని అడుగుతున్నవ్ నువ్వు. చిన్నప్పటి సంది నీ సావుకు నువ్వే దరఖాస్తు పెట్టుకుంటున్నవ్, నీకే తెల్వదు!"

నీ గార పండ్లన్నీ బయటపెట్టి నవ్వావు. కారం ముక్కులోకి పోయి నేను దగ్గుతుంటే ఇంకా నవ్వావు. ఆ నవ్వు ఇప్పటికీ ఆ రోలు దగ్గర ఉంది.

అప్పటి నుంచి నా జపంలో ఒక్కొక్క మాట అడిగేవాడివి. నేను చెప్పేదాన్ని, నువ్వు విప్పేవాడివి. పానెం అంటే రొట్టె. చేలో అంటే ఆకాశం. నేను ఇన్నేండ్లు చీకట్లో తడుముకుంటూ తిరిగిన ఇంట్లో నువ్వు దీపం పెట్టినట్లయింది. నిన్ను ఎత్తుకుని పెంచింది నేను. అమ్మ పోయేనాటికి నీకు పాలపండ్లు కూడా ఊడలేదు. అట్లాంటి నువ్వు నాకు నా దేవుని మాటలు నేర్పావు...

తర్వాత మన చర్చి గుడి అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టావు. బడి వదిలాక, పొద్దు వాలే వేళ. "మన పిల్లగాండ్లు నా లెక్క ఇంగ్లీషుల తప్పొద్దు" అన్నావు. పాఠం చెప్పే పద్ధతి కూడా నా దగ్గరి నుంచే తీసుకున్నావు. పునీతుల పేర్లు ఒకరు పిలుస్తుంటే అందరూ ఓరా ప్రో నోబిస్, మా కోసం వేడుకో, అని అందుకుంటాం కదా, అదే రాగం. నువ్వు "పోర్ట్" అని సాగదీస్తే పిల్లలు "మోసుడూ" అనేవాళ్లు. "ఆక్వా" అంటే "నీళ్లూ". "ఫ్రాక్ట్" అంటే "ఇరుగుడూ". "డెంట్" అంటే "పన్నూ". చీకటి పడేదాకా ఊరంతా వినబడేది.

మొదట అందరికీ తమాషాగానే ఉంది. యాదయ్య పత్తిచేను నుంచి వస్తూ కర్ర మీద ఆనుకుని నిలబడేవాడు. వెనక సందు యాదయ్య... ఈ బోరింగు నీళ్లకు మోకాళ్లు వంకరపోయి నడవలేక నడిచేవాడు. "ఏం పంతులూ, మీ దేవునికి తెలుగు సమజ్ గాదా?" అని వేళాకోళమాడేవాడు. "మా దేవునికి అన్నీ సమజైతయ్ మామా, బ్యాంకోళ్లకే తెలుగు సమజ్ గాదు" అనేవాడివి నువ్వు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఇది ఎవరికైనా చెప్తే ఇప్పుడు నమ్ముతారా?

అతని బిడ్డ రేణుక అందరికన్నా ముందు కూర్చునేది. ఆరో తరగతి. అందరి గొంతుల మీద దాని గొంతే లేచేది.

ఒకనాడు నువ్వు యాదయ్యకు చెప్పావు. "మామా, నీ కాళ్లకు ఎవ్వడూ ఏం చెయ్యలే. నీళ్లల్ల ఫ్లోరైడ్ చేసింది. గా మాటకు గూడ వేరుంది. ఫ్లు అంటె పారుడు. నీళ్ల తోని పారుకుంట వచ్చి బొక్కల్ల కూసున్నది." యాదయ్య తన కాళ్ల వైపు చూసుకుని పోయాడు. ఎవరో చేతబడి చేశారని అతను అప్పటికే పక్క ఊరి భూతవైద్యుని దగ్గర తాయెత్తు కట్టించుకున్నాడు. నువ్వు ఆ తాయెత్తు చూడలేదు. నేను చూశాను.

బండల సంగతి నీకు గుర్తు చేయనవసరం లేదు. గుడికి గచ్చు పరిచాక మిగిలిన షాబాదు బండ ముక్కలు వెనక కుప్పగా ఉండేవి. వాటి మీద సుద్దముక్కతో తలా ఒక వేరు రాసి పిల్లలకిచ్చేవాడివి. "ఇంటికి తీస్కపోయి గడప పక్కన పెట్టున్రి. లోపలికి పోంగ సూడాలె, బయటికి రాంగ సూడాలె. గట్ల సూస్తె నిద్రల లేపి అడిగినా చెప్తరు." పొద్దున ఆ బండలు తిరిగి తెచ్చేవాళ్లు. తుడిచి ఇంకొకటి రాసేవాడివి.

ఎంత మంచి ఉపాయం అనుకున్నాను. ఈ ప్రాంతంలో గడప పక్కన తెలియని రాత కనబడితే ఎట్లా వణికిపోతారో మనకు తెలియదా? తెలుసు. కానీ పిల్లలు నవ్వుకుంటూ మోసుకుపోయే బండను చూసి ఎవరు భయపడతారు...

ఆ రోజు రేణుకకు మోర్ట్ రాసిన బండ వచ్చింది.

ఆ రాత్రికే దానికి జ్వరం. మెడ వెనక్కి వంగిపోయింది, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. మొదట భూతవైద్యుని దగ్గరికి తీసుకుపోయారు, ఆలస్యంగా నల్లగొండ దవాఖానకు. జ్వరం మెదడుకు పాకిందన్నారు. శవమై వచ్చింది. స్నానం చేయించిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. నువ్వు సందు మొదట్లో గోడకు ఆనుకుని ఏడ్చావు. ఆ గడబిడలో గడప పక్క బండను ఎవరూ తీయలేదు, ఎవరూ తుడవలేదు.

దినాలు కాకముందే భూతవైద్యుడు అడిగాడట, మీది కానిది ఏమైనా గడప దగ్గర ఉందా అని. యాదయ్య ఆ బండ పట్టుకొచ్చాడు. దాని మీద ఏం రాసి ఉందో చెప్పమని నీ శిష్యుల్లో ఒక పిల్లను అడిగారు. పాఠం అప్పజెప్పినట్లే చెప్పింది. "మోర్ట్. మోర్ట్ అంటె సావు."

ఎవరూ అబద్ధం చెప్పలేదు జోజీ. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు.

ఆ సాయంత్రం పాఠం సగంలో ఉంది. నేను గుడి లోపల పీఠం గుడ్డలు మడతపెడుతున్నాను. పిల్లల గొంతులు ఒక్కసారిగా తెగిపోయాయి. బయటికి వచ్చేసరికి నిన్ను జుట్టు పట్టి అరుగు మీది నుంచి ఈడుస్తున్నారు. బండలు పగులుతున్నాయి. పిల్లలు దొరికిన వైపు పరుగెత్తుతున్నారు. నువ్వు వాళ్లనే చూస్తున్నావు, "ఇండ్లకు పోన్రి, ఇండ్లకు పోన్రి" అంటున్నావు.

బోరింగు పక్క కరెంటు స్తంభానికి ఎద్దుల పగ్గంతో కట్టేశారు.

యాదయ్య ఆ వంకర కాళ్లతో నీ ముందు నిలబడ్డాడు. "నా బిడ్డ గడపకు సావు రాసి పంపినవ్ గదరా! దాని చేతులల్లనే పెట్టి పంపినవ్ గదరా!" అని కర్రతో నోటి మీద కొట్టాడు. నువ్వు నెత్తురు ఉమ్మి చెప్పావు, నేను విన్నాను. "మామా, అది పాఠం. లాటిన్ భాష మామా. ఎప్పుడో సచ్చిపోయిన భాష. దానికి ఎవర్నీ సంపే బలం లేదు."

సచ్చిపోయిన అనే మాట ఒక్కటే వాళ్లకు వినబడింది.

యాదయ్య తమ్ముడు లింగయ్య అరిచాడు. "వాని తోని మాటలేంది! పండ్లు తియ్యున్రి. పండ్లు పోతె మంత్రం పలకది." ఎడ్లకు నాడాలు కొట్టే పట్కారు అతని చేతిలో ఉంది. ఒకడు నీ తల స్తంభానికి అదిమాడు. ఒకడు దవడలో కట్టె పెట్టి తెరిచాడు. ఊడనివాటిని రాయితో కదిలించి తీశారు. నేను అరవకుండా నా కొంగే నా నోట్లో కుక్కి ఇద్దరు ఆడవాళ్లు నా చేతులు విరిచి పట్టుకున్నారు. వాళ్లకు నేను పురుళ్లు పోశాను జోజీ.

పొద్దు ఇంకా గుట్ట మీదనే ఉంది. వెలుతురు బాగా ఉంది. ఎవరెవరి చేతులో నాకు స్పష్టంగా కనబడింది.

తర్వాత రోకలి కట్టెలతో కొట్టారు. ఛాతీ మీద, కడుపు మీద. ఆ చప్పుడు గురించి రాయను.

దవాఖానకు పోయే జీపులో నీ తల నా ఒళ్లో ఉంది. మర్రిగూడ దాటాక నువ్వు కళ్లు తెరిచావు. పండ్లు లేని నోటితో ఏదో అన్నావు. మళ్లీ అన్నావు. నోట్లో నెత్తురు బుడగలు కట్టి పగిలాయి. నేను చెవి దగ్గర పెట్టినా తెలియలేదు.

ఏం చెప్పినవురా? నీళ్లా? అక్కా అన్నావా? పిల్లలు ఇండ్లు చేరారా అని అడిగావా? నాకు వచ్చిన మాటలన్నీ, తెలుగువి, నువ్వు నేర్పినవి, నా జపంలోవి, అన్నీ ఆ చప్పుడుకు అతికించి చూశాను. ఒక్కటీ అతకలేదు.

చింతపల్లి దాటకముందే నీ చేయి బరువెక్కింది.

చిన్నప్పుడు నీ పాలపండ్లు ఊడితే పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసిరింది నేనే. మర్నాడు పోలీసులు రాసుకుని పోయాక, బోరింగు గచ్చు మీద మిగిలినవాటిని ఏరింది కూడా నేనే. కడిగి, నిన్ను పడుకోబెట్టిన పెట్టెలో, చొక్కా జేబులో పెట్టాను. నీకు ఎవరైనా చెప్పారా?

ఐదుగురి మీద కేసు నడిచింది. సాక్ష్యం రోజు దగ్గరికి వచ్చేసరికి అంతా చూసినవాళ్లందరూ ఏమీ చూడలేదన్నారు. పిల్లలను చుట్టాల ఊర్లకు పంపేశారు. నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడు పెద్దమనుషులు మన ఇంటికి వచ్చారు. పాత సర్పంచి మంచం మీద కూర్చోలేదు, కిందనే కూర్చున్నాడు. అంత మర్యాదగా ఎన్నడూ రాలేదు.

"అక్కా, పోయిన పిలగాడు ఎట్లా రాడు. గా అయిదిండ్ల ఆడోళ్ల మొఖాలు జూడు. సీకటి పడ్డది, మొఖాలు కానరాలే అను. గంతే. నువ్వు గా ఒక్క మాట అంటె, మేము బొడ్రాయి కాడ ఊరందరి ముంగట జోజి మంత్రగాడు గాదు, సారే అని ఒప్పుకుంటం. యాదయ్య తోని గూడ అనిపిస్త."

నేను రోజూ దేవుణ్ణి అడుగుతున్నదే తెచ్చి నా గుమ్మంలో పెట్టారు కదా.

ఫాదర్ కూడా క్షమించమన్నారు. క్షమించానని చెప్పాను. అది నిజం. రేణుక ఒంటికి స్నానం చేయించిన చేతులివి, ఆ తండ్రిని ద్వేషించడం వీటికి చేతకాలేదు. కానీ క్షమించడం నాకూ దేవునికీ మధ్య ఉండేది. చూసింది చెప్పడం నీకూ నాకూ మధ్య ఉండేది. చీకటి పడింది అని అబద్ధం చెప్పి సారు అనే పేరు తేవాలా నీకు? నువ్వు ఒప్పుకుంటావా?

మోకాళ్ల మీద ఉండి చాలా అడిగాను. చీకటి పడలేదు కదా అని మాత్రం అనిపించింది.

నల్లగొండ కోర్టులో ఆ రోజు మొదట డాక్టరు నీ పోస్టుమార్టం కాగితం ఇంగ్లీషులో చదివాడు. వరండాలో నుంచి వింటున్న మన ఊరివాళ్లకు అదంతా గాలి చప్పుడే. వాళ్లు చెవులు గోక్కుంటూ కూర్చున్నారు.

నాకు మాత్రం తెలిసిపోతూ ఉంది.

ఫ్రాక్చర్ అన్నాడు. ఫ్రాక్ట్, ఇరుగుడు. పక్కటెముకలు. లాసరేషన్ అన్నాడు. చీరుడు. కంట్యూజన్ అన్నాడు. నలగ్గొట్టుడు. ఇన్సైజర్స్ అన్నాడు. కొరికే పండ్లు. అవి లేవు అన్నాడు. ఒక్కొక్కటి చదువుతుంటే అరుగు మీద నువ్వు పలకడం, పిల్లలు అందుకోవడం నా చెవుల్లో వినబడుతూనే ఉంది. నువ్వు విప్పి చూపిన వేర్లతోనే నీ ఒళ్లు నాకు మళ్లీ ఒకసారి విరిగింది, చీలింది, నలిగింది. వేరు పట్టుకుంటే మాటలన్నీ మట్టితో సహా వస్తాయన్నావే... ఇట్లా వస్తాయని చెప్పలేదేం?

జపమాల గట్టిగా పట్టుకున్నాను. దారం తెగింది. పూసలు కోర్టు గచ్చు మీద పడి దొర్లాయి. జవాను ఏరి ఇచ్చాడు, పాపం.

తర్వాత నన్ను బోనులోకి పిలిచారు. వాళ్ల వకీలు గట్టివాడు. "చీకట్లో మీకు ఎట్లా కనబడింది?" అన్నాడు. పొద్దు గుట్ట మీద ఉందని చెప్పాను. "నీ తమ్ముడు పిల్లలతో మంత్రాలు చెప్పించేవాడా లేదా?" అన్నాడు. పాఠం చెప్పించేవాడని చెప్పాను. ఏం పాఠమో చెప్పమన్నాడు, నవ్వుతూ. నేను చెప్పాను. టెస్ట్ అంటే సాక్షి. టెస్టిమనీ, ప్రొటెస్ట్, టెస్టమెంట్, వీటన్నిటికీ అదొక్కటే వేరు, మా తమ్ముడు సువార్త పుస్తకం అట్ట మీద చూపించి నేర్పాడు అని. వకీలు ఇంక ఆ దారిన రాలేదు. జడ్జిగారు రాసుకున్నారు.

ఐదుగురి పేర్లూ చెప్పాను. వేలు పెట్టి చూపించాను. యాదయ్య పేరు చెప్పేటప్పుడు అతని ముఖంలోకి చూశాను. అతను నా వైపు చూడలేదు. కాళ్ల వైపు చూసుకున్నాడు.

ఐదుగురికీ జైలు పడింది. బొడ్రాయి దగ్గర ఎవరూ ఏమీ ఒప్పుకోలేదు. సారు అనే పేరును నేనే పోగొట్టుకున్నానని నాకు తెలుసు.

ఆ తర్వాత మన పత్తి మొక్కలు పూత మీద ఉండగా మొదళ్లకు కోసేశారు. మన బర్రె నోట నురగ కక్కి కొట్టంలో పడిపోయింది. ఇంటి పెంకుల మీద రాళ్లు పడితే లేచి పూజకు పోయే టైమైందేమో అనుకునేదాన్ని. బోరింగు దగ్గర నేను పోతే బిందెలు తీసుకుని అందరూ పక్కకు జరిగేవాళ్లు. అందువల్ల నీళ్లు తొందరగా దొరికేవి. ఇది నీకు నవ్వొస్తుందని రాశాను.

ఇప్పుడు ఎండాకాలం సంగతి.

యాదయ్య జైలుకు పోయాక అతని భార్య రాములమ్మ ఒక్కతే ఉంటోంది. మనిషి సగమైంది. ఎవరితో మాట్లాడదు, నాతో అసలే మాట్లాడదు. సందులో ఎదురుపడితే గోడ వైపు తిరిగేది. లింగయ్య జైలు నుంచి సెలవు మీద వచ్చి పోయాక పుట్టిన కొడుకు, చంటివాడు, చైత్రంలో పోయాడు. వెనకనే నాలుగు మేకలు. అదే భూతవైద్యుడు, అదే ప్రశ్న. ఈసారి బండ ఏదీ లేదు. బండ లేకపోయినా మనిషి ఉంది కదా.

"బిడ్డను మింగింది, మొగన్ని జైలుకు పంపింది, ఇగ మర్ది ఇల్లు మింగుతున్నది" అన్నారు.

నేను బోరింగు కొడుతున్నాను. రాములమ్మను ఇంట్లో నుంచి జుట్టు పట్టి తెచ్చారు. రవిక చినిగి ఉంది. అదే గచ్చు. అదే స్తంభం. ఒకడు అప్పుడే ఆమె దవడ మీద కొట్టాడు, ముందు పన్ను ఒకటి విరిగి పెదవిలో దిగింది. ఆమె అరవలేదు. నన్ను చూసింది. ఆ చూపులో అడగడం కూడా లేదు జోజీ. నేను నిలబడి చూస్తానని, చూడటం న్యాయమేనని ఆమె అనుకుంది.

నేను బిందె దించి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. తల నా రొమ్ముకు ఆనించి రెండు చేతులూ చుట్టాను. కొట్టాలంటే నా చేతుల మీద కొట్టాలి.

నాకు భయం కాలేదా? అయింది.

అరవలేదు. అక్కడున్నవాళ్లను ఒక్కొక్కరినే చూసి పేరు చెప్పాను. పోచయ్య కొడుకు వెంకులు. మల్లయ్య కొడుకు సత్తయ్య. కనకమ్మ అల్లుడు బిక్షపతి. పునీతుల పేర్లు చెప్పినట్లే నెమ్మదిగా చెప్పాను. రాయి ఒకటి నుదుటికి తగిలింది, కంట్లోకి నెత్తురు దిగింది. ఇంకో కన్నుతో చూసి చెప్పాను. వేసిన చేయి ఎవరిదో ఆ పేరు కూడా చెప్పాను.

"ఈమె నోరు ముట్టుకున్నోళ్ల పేర్లన్నీ నల్లగొండ కోర్టుల మల్ల జెప్త" అన్నాను. "నేను జెప్తనని మీకు ఎరుకనే."

ఎవరో "ముసల్దాన్ని గూడ కట్టెయ్యున్రి" అన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. తన పేరు చెప్పించుకున్నవాడు వెనక్కి జరిగాడు. ఇంకొకడు బర్రెలు విప్పాలన్నాడు. ఆడవాళ్లు ముందు పోయారు, తర్వాత మగవాళ్లు. చివరికి లింగయ్య భార్య ఒక్కతే మిగిలింది, చంటివాని గుడ్డ చేతిలో పట్టుకుని. ఆమె కూర్చుని ఏడ్చింది. ఆమె పేరు నేను చెప్పలేదు.

అప్పుడే అనిపించింది నాకు, కోర్టులో నేను చీకటి పడింది అని ఉంటే ఈ పేర్లకు విలువ ఉండేదా అని.

రాములమ్మను మన ఇంటికి తెచ్చాను. పసుపు పెట్టాను. గంజి తాగించాను. నీ ఫోటో గోడకు ఉంది కదా, దానికి వీపు పెట్టి పడుకునేది. నేను బలవంతం చేయలేదు. వారాలు పోయాయి. నాతో చేనుకు వస్తుంది, నాతో వండుకుంటుంది. నేను జపం చెప్తుంటే అవతల కూర్చుని బియ్యం ఏరుతుంది. నువ్వు ఈ ఇంట్లో ఉండగా ఆమె ఎట్లా ఉండగలుగుతుంది, ఆమె ఉండగా నేను ఎట్లా ఉండగలుగుతున్నాను... అడగవద్దు. నాకు తెలియదు.

మొన్న ఆమె అన్న దేవరకొండ నుంచి వచ్చాడు. మేమిద్దరం బోరింగు దగ్గర ఉన్నాం. ఆడవాళ్లు బిందెలతో వరసలో ఉన్నారు. అతను దూరం నుంచే కోపంగా అడిగాడు. "ఏడుంటున్నవే? ఇంటికి తాళమున్నది. ఎవ్వర్ని అడిగినా మొఖం తిప్పుకుంటున్రు. ఎవరింట్ల సచ్చినవ్?"

రాములమ్మ బిందె నడుముకెత్తుకుంది. విరిగిన పన్ను సందులోంచి గాలి పోతుంది కాబట్టి గట్టిగానే చెప్పాలి ఆమె. గట్టిగానే చెప్పింది.

"జోజి సారింట్ల."

బోరింగు కొడుతున్న చేయి ఆగింది. నేను కడిగిన బిందెనే మళ్లీ కడిగాను.

ఊరు అనలేదు జోజీ. ఒక్క మనిషి అన్నది. రేణుక తల్లి అన్నది. ఇది చెప్పడానికే రాశాను.

వచ్చే ఏడు యాదయ్యను విడిచిపెడతారట. అతను మన గుమ్మానికే రావాలి, భార్య ఇక్కడుంది కదా. ఆ రోజు తలుపు నేనే తీస్తాను. కాళ్లకు నీళ్లిస్తాను, అన్నం పెడతాను. ఆ సాయంత్రం ఏం చూశావని ఎవరైనా మళ్లీ అడిగితే, అతను తింటుండగానే, అతని ముందే, చూసిందే చెప్తాను.

నీ పెద్దక్క